మంచులో ఆషాఢం

వెర్రిబీ,
మెల్‌బోర్న్, జూన్ 18

చిరంజీవి సౌభాగ్యవతి తన్మయిని మీ అత్తయ్య శ్యామసుందరి ఆశీర్వదించి వ్రాయునది.

"వ్రాయునది" అని చూసి నవ్వుకుంటావని తెలుసు. ముప్పై ఏళ్ళు మండపేట పోస్టాఫీసులో ఊళ్ళోవాళ్ళ ఉత్తరాల మీద ముద్రలు కొట్టినదాన్ని. ఉత్తరమంటే ఇలాగే మొదలవ్వాలని నా చేతికి అలవాటు. అన్నేళ్ళలో నాకంటూ వచ్చినవి శుభలేఖలూ, కరెంటు బిల్లులే. కాబట్టి నువ్వు జవాబు రాయకపోతే ఊరుకునేది లేదు.

నువ్వెక్కిన బస్సు మలుపు తిరిగేదాకా భార్గవ్ అక్కడే నిలబడ్డాడు. చెయ్యి ఊపరా అన్నాను. ఊపాడు, బస్సు కనబడకుండా పోయాక. నీ పెట్టె ఎక్కించడానికి ఆ డ్రైవరు రెండు చేతులూ వాడాల్సి వచ్చింది. జూన్‌లో చలికాలం వచ్చే దేశం ఇది, చలి బట్టలు బరువే మరి.

నన్ను చాదస్తురాలని అనుకుంటున్నావేమో. అనుకో. కొత్త కోడలు మొదటి ఆషాఢం పుట్టింట్లో గడపాలి, ఆ నెల అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదు, అంతే. నీ పుట్టిల్లు చూస్తే పాలకొల్లు. వీసా కాగితాలు తేలేదాకా నువ్వు దేశం దాటడానికి లేదంటారు. "పుట్టిల్లు కాకపోతే ఏదో ఒక ఇల్లు, నెలరోజులు ఎక్కడైనా ఉండిరా" అంటే, నువ్వు మంచుకొండ మీద సీజన్ ఉద్యోగం ఉందన్నావు. మంచులో నడిచే చెప్పులు అద్దెకిచ్చే షాపు అన్నావు. నేను తిరిగి వెళ్ళాక, కోడలు ఆషాఢానికి మంచుకొండ ఎక్కిందని చెబితే మండపేటలో ఒక్కళ్ళూ నమ్మరు.

వీడియో కాల్ చెయ్యమంటున్నాడు మీ ఆయన. ఫోనులో మొహాలు చూసుకోవడం గడప దాటడం కిందికి వస్తుందో రాదో ఏ పంచాంగంలోనూ రాయలేదు. అనుమానం ఉన్నచోట ఉత్తరమే మేలు. పైగా ఫోనులో నువ్వు "బావున్నానండీ" తప్ప ఇంకో ముక్క అనవు.

నువ్విక్కడ ఉన్నప్పుడు మాత్రం గలగలా మాట్లాడావా ఏమన్నానా? లేదు. అయినా మధ్యాహ్నం పూట ఇద్దరం కూర్చుని కూరగాయలు తరుక్కునేవాళ్ళం. ఇప్పుడా వేళకి ఇంట్లో ఫ్రిజ్ చప్పుడు వినిపిస్తోంది. నువ్వుండగా అది చప్పుడు చేస్తుందనే నాకు తెలీదు.

చెవులకి కట్టుకో.

ఇట్లు,
నీ అత్తయ్య

తా.క.: ఆవకాయ సీసా మూత గట్టిగా పెట్టాను. రాకపోతే వేడినీళ్ళలో ముంచి తిప్పు.


ఫాల్స్ క్రీక్,
జూన్ 27

గౌరవనీయులైన అత్తయ్యగారికి,

నమస్కారాలు. నేను బావున్నానండీ. మీరు నవ్వుతారని తెలిసే రాశాను ఈ మాట.

ఉత్తరం రాయడం నాకు స్కూల్లో పరీక్షకి తప్ప అలవాటు లేదు. తప్పులుంటే సర్దుకోండి.

ఇక్కడ మంచు బాగానే పడింది. పొద్దున్నే షాపు ముందు క్యూ కడతారు. వచ్చినవాళ్ళ బూట్లకి స్నోషూ పట్టీలు బిగించి, ఎలా నడవాలో చూపించడం నా పని. మీరన్నట్టు అది మంచు చెప్పే. వెడల్పుగా ఉంటుంది, కింద ఇనుప పళ్ళుంటాయి. మెత్తటి మంచులో కాలు దిగబడకుండా చూస్తుంది. కాళ్ళు కాస్త ఎడంగా వేసి నడవాలి, లేకపోతే ఒక కాలి చెప్పుని రెండో కాలితో తొక్కుకుని పడిపోతాం. నేను మొదటిరోజే మేనేజర్ ఎదుట పడ్డాను. రోజూ ఎంతోమందికి నడక నేర్పి కొండ మీదకి పంపిస్తున్నాను కానీ, నేను మాత్రం షాపు గుమ్మం దాటి నాలుగడుగులు కూడా పోలేదు. సెలవురోజున బయట నడుద్దామంటే తోడెవరూ లేరు, ఒక్కదాన్నీ వెళ్ళకూడదట.

నాతోపాటు గదిలో ఉండే అమ్మాయిది బ్రెజిల్. మంచిదే. సాయంత్రం కాగానే అందరూ పబ్‌కి వెళ్తారు, నన్నూ రమ్మంటారు. రెండుసార్లు వెళ్ళాను. ఆ గోలలో ఏం మాట్లాడాలో తెలియక గ్లాసు పట్టుకుని కూర్చున్నాను. ఇప్పుడు వెళ్ళడం లేదు. కింద బట్టలుతికే గది వెచ్చగా ఉంటుంది, అక్కడ కూర్చుని ఇది రాస్తున్నాను. డ్రయ్యర్ తిరుగుతోంది. దాన్లో నా బట్టలేమీ లేవు.

ఆవకాయ మూత వచ్చింది. ఆయన్ని అడిగానని చెప్పండి. నెల పూర్తవగానే బస్సు టికెట్ చూసుకుంటాను.

ఇట్లు,
మీ కోడలు,
తన్మయి


వెర్రిబీ,
జూలై 5

చిరంజీవి తన్మయికి అత్తయ్య దీవెనలు.

ఇక్కడ పోస్టుమేన్ మూడు చక్రాల బండి మీద వస్తాడు, వెనక నారింజరంగు జెండా ఎగురుతూ ఉంటుంది. ఉత్తరాలు రోజు విడిచి రోజు ఇస్తారట. మా రోజుల్లో అలా చేస్తే ఊరు ఊరంతా మా మీద పడేది. వారంపాటు కిటికీ దగ్గరే కాపలా కాశాను. పిజ్జా కాగితాలూ, ఇళ్ళమ్మేవాళ్ళ ఫొటోలూ తప్ప ఏమీ వెయ్యలేదు. నీ కవరు వచ్చిన రోజున చెప్పుల్లేకుండా పరిగెత్తాను. పక్కింటి ట్రెవర్ కంచె మీంచి చూసి, ఏదో ప్రమాదం జరిగిందనుకున్నాడు పాపం.

భార్గవ్ సాయంత్రం వచ్చి బల్లమీద కవరు చూశాడు. తిప్పి వెనకవైపు నీ పేరు చదివాడు. చదువుతావా అన్నాను. "నీకు రాసింది కదమ్మా" అని మళ్ళీ అక్కడే పెట్టేశాడు. వాడి నాన్నా ఇంతే. ఇంటికొస్తే చెప్పులు విప్పిన చప్పుడే ఆయన పలకరింపు. అన్నం బావుందో లేదో ఆయన పళ్ళెం చూసి తెలుసుకునేదాన్ని. ఎన్నేళ్ళు కాపురం చేసినా నా జీవితంలో సగం కబుర్లు పోస్టాఫీసు కౌంటర్లోనే చెప్పుకున్నాను, అవతల నిలబడ్డవాళ్ళతో.

ఒక సంగతి చెప్పాలి. శుక్రవారం నేను వంటింట్లోంచి వచ్చేసరికి టీవీ తెర మొత్తం తెల్లగా ఉంది. పాడైందేమో అనుకున్నా. కాదు, మీ కొండ మీద పెట్టిన కెమెరా అట. అక్కడ జరిగేది ఇక్కడ కనిపిస్తుందట. భార్గవ్ దాని ముందు కూర్చుని అన్నం తింటున్నాడు. నేనూ కూర్చున్నాను. మీ షాపు ఒక మూల కాస్త కనిపిస్తుంది. అటూ ఇటూ అందరూ ఉబ్బిన కోట్లేసుకుని తిరుగుతున్నారు, ఆడో మగో కూడా తెలీదు. దీన్ని "చూసుకోవడం" అంటారేమో అని ఒక నిమిషం భయపడ్డాను. కానీ లేవలేదు.

ఎర్ర కోటు ఒకటి షాపులోంచి వచ్చింది. "అదుగోరా తన్మయి" అన్నాను. వాడు తల ఎత్తకుండానే, "కాదమ్మా. తను నడిచేటప్పుడు కుడిచెయ్యి ఊపదు. జేబులో పెట్టుకుంటుంది" అన్నాడు.

నేను నిన్ను రోజూ చూసినదాన్నే. నాకు తెలీదు ఆ సంగతి. నిజమేనా?

మొన్న నీ గదిలో కర్టెన్లు ఉతికి మళ్ళీ వేశాను. పనిలేక చేశాను, మెచ్చుకోనక్కర్లేదు.

ఇట్లు,
నీ అత్తయ్య


ఫాల్స్ క్రీక్,
జూలై 11

ప్రియమైన అత్తయ్యగారికి,

మీ ఉత్తరం చదివాక షాపునుంచి గదిదాకా నడుస్తూ నన్ను నేను గమనించుకున్నాను. నిజమే. కుడిచెయ్యి జేబులోనే ఉంది. నాకే తెలీదు. ఆయన నిజంగా అలా అన్నారా? మీరు నా కోసం కల్పించలేదు కదా?

ఇలా అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను ఆ ఇంట్లోకి వచ్చి నాలుగు నెలలైంది. పొద్దున ఆయన ట్రైనుకి వెళ్ళేటప్పుడు "వస్తా" అంటారు, రాత్రి పడుకునేటప్పుడు "లైట్ ఆపేయనా" అంటారు. ఆ రెండు మాటల మధ్య రోజంతా నాదే. మీరు రాకముందు, కొన్ని రోజులు నా గొంతు సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి ట్యాప్ దగ్గర నిలబడి పైకే ఏదో ఒకటి అనేదాన్ని. ఉద్యోగాలకి పెట్టిన అప్లికేషన్లకి జవాబులు వచ్చేవి కావు. అలాంటిది, ఆయన నా నడక చూశారంటే నమ్మబుద్ధి కావడం లేదు. చూస్తే ఒక మాట అనొచ్చు కదా.

ఇంకో సంగతి. నిన్న అమ్మ ఫోన్ చేసింది. ఆషాఢం కదా, నెల అవ్వగానే వెర్రిబీ వెళ్తానని చెప్పాను. అమ్మ నవ్వింది. "ఆషాఢమేంటే, ఇది నిజ జ్యేష్ఠం. ఈ ఏడు జ్యేష్ఠం రెండుసార్లొచ్చింది, అధికమొకటి, నిజమొకటి. ఆషాఢం బుధవారం నుంచి కదా" అంది. మీ అత్తగారికి ఆ మాత్రం తెలీదా అని కూడా అంది. నేను ఏదో సర్దిచెప్పాను.

అంటే నేను ఒక నెల ముందే వచ్చేశాను అత్తయ్యా. ఈ నెలంతా మనం ఉత్తినే విడిగా ఉన్నాం. ఇప్పుడు ఏం చెయ్యమంటారు? బుధవారం లోపల ఒకసారి వచ్చి వెళ్ళమంటారా? లేక ఉండిపోనా? మీరు ఎలా చెబితే అలా చేస్తాను.

ఇట్లు,
తన్మయి


వెర్రిబీ,
జూలై 16

చిరంజీవి తన్మయికి,

నీ ఉత్తరం నా చేతికి అందేసరికి బుధవారం దాటిపోయింది. రోజు విడిచి రోజు ఇచ్చే పోస్టుతో ఇంతే.

మీ అమ్మగారు చెప్పింది నిజమే. వయసు మీద పడుతోంది, అధికమాసం సంగతే మర్చిపోయాను. వచ్చేటప్పుడు తెచ్చుకున్న క్యాలెండర్ చుట్టి పెట్టెలో పడేశాను, గోడకి మేకు కొడితే ఇంటివాడు ఒప్పుకోడని భార్గవ్ అన్నాడు కదా అప్పట్లో. చూసుకోకుండా నెలలు వేళ్ళమీద లెక్కేశాను. మీ అమ్మగారికి నా మాటగా క్షమించమని చెప్పు.

ఇప్పుడు అసలు ఆషాఢం వచ్చింది కాబట్టి నువ్వు రావడానికి లేదు. నా టికెట్ ఆగస్టు అయిదున. ఆషాఢం పోయేది ఆ తర్వాత వారానికి. అంటే నేను విమానం ఎక్కేలోగా నిన్ను చూడను. ఇది నేను చేజేతులా చేసుకున్నదే. ఎవరినీ అనడానికి లేదు.

ఎర్ర కోటు మాట నేను కల్పించలేదు. నాకు అంత కల్పన లేదు. ఇప్పుడు వాడు రోజూ సాయంత్రం ఆ తెల్లతెర పెడుతున్నాడు. ఇద్దరం చూస్తాం. మంచు ఎక్కువైతే ఏమీ కనిపించదు, అయినా కట్టెయ్యడు. నిన్న, "అక్కడ చలి ఎంత ఉంటుందమ్మా" అన్నాడు. నీ ఫోనులోనే చూసుకోవచ్చు కదరా అన్నాను. అది కాదన్నాడు.

ఈ కవరులో గోరింటాకు పొడి పెట్టాను. ఆషాఢంలో చేతులు ఎర్రగా ఉండాలి. నీళ్ళతో కలిపి పెట్టుకో. తడిసి ముద్దయితే నన్నేమీ అనకు.

ఇట్లు,
అత్తయ్య


ఫాల్స్ క్రీక్,
జూలై 25

ప్రియమైన అత్తయ్యా,

ఈసారి "గారు" తీసేశాను. మీకు కోపం వస్తే మళ్ళీ పెడతాను.

నిన్న నేను నడిచాను. షాపు గుమ్మం దాటి, మొత్తం రోజంతా. బ్రోన్విన్ అని ఒక పెద్దావిడ ఇక్కడ కొండదారుల్లో నడిచేవాళ్ళకి గైడ్‌గా వెళ్తుంది. నాకు సెలవని తెలిసి, "ఊరికే జనానికి పట్టీలు బిగిస్తావు, నీ కాళ్ళకి ఎప్పుడు?" అంది. అడిలైడ్ నుంచి వచ్చిన అక్కాచెల్లెళ్ళు ఇద్దరు, బ్రోన్విన్, నేను.

పొద్దున్న ఎండ కాసింది. డ్యామ్ గట్టు దాటి చెట్లలోకి వెళ్ళాం. స్నో గమ్ అని ఇక్కడి చెట్లు, గాలికి వంకర్లు తిరిగి ఉంటాయి. తడిసిన బెరడు మీద ఎరుపూ, ఆకుపచ్చా, పసుపూ చారలు. చుట్టూ తెలుపు తప్ప ఏమీ లేనిచోట ఆ రంగులు చూస్తే, మీరుంటే చెట్టుకి ఎవరో చీర చుట్టారంటారు అనుకున్నాను. చెట్లు అయిపోయాక పైన పెద్ద మైదానం. అంత దూరం ఒక్క ఇల్లు లేదు, వైరు లేదు. దారి ఎటో తెలియడానికి వరసగా పొడుగాటి గుంజలు పాతి ఉంటాయి, ఒక్కోదానికి ఒక నంబరు. మంచులో మా చెప్పుల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. మన ఇంట్లో నిశ్శబ్దం నాకు భయం వేసేది. ఇక్కడిది వెయ్యలేదు.

పూర్వం పశువులు కాసేవాళ్ళు కట్టుకున్న గుడిసె ఒకటుంది. అందులో కూర్చుని తిన్నాం. నా పులిహోర గడ్డకట్టింది. గ్లోవ్స్ తీస్తే బ్రోన్విన్ కంగారుపడి నా చేతులు పట్టుకుంది, దెబ్బ తగిలి రక్తం కారిందనుకుంది. మా అత్తయ్య పంపిన గోరింటాకు అని చెప్పాను. ఎందుకు పెట్టుకుంటారంటే ఆషాఢం గురించి చెప్పాల్సి వచ్చింది. అంతా విని, "మీ అత్తగారు తెలివైన మనిషి" అంది. ఎందుకలా అందో నాకు అర్థం కాలేదు.

తిరిగి వచ్చేటప్పుడు మేఘం దిగింది. అయిదు నిమిషాల్లో అంతా పోయింది. నేలకీ ఆకాశానికీ తేడా లేదు. నా కాళ్ళే నాకు సరిగ్గా కనబడలేదు. తర్వాతి గుంజ ఎక్కడుందో తెలీదు. బ్రోన్విన్ కంగారుపడలేదు. ఇలాంటప్పుడు ఒక పద్ధతి ఉందట. ఒకరు ఉన్న గుంజని పట్టుకుని కదలకుండా నిలబడాలి. మిగతావాళ్ళు, ఆ నిలబడ్డ మనిషి గొంతు వినబడేంత దూరంలోనే, ముందుకెళ్ళి తర్వాతి గుంజని వెతకాలి. దొరికితే ఈల వేస్తారు, అప్పుడు వెనకున్నవాళ్ళు వచ్చి కలుస్తారు. దొరకకపోతే, నిలబడ్డ మనిషి దగ్గరికే తిరిగి వచ్చేస్తారు. దారి తప్పే వీలు లేదు.

మొదట నన్నే నిలబెట్టింది. వాళ్ళు ముగ్గురూ నాలుగడుగులు వేసి మాయమయ్యారు. గుంజని కౌగిలించుకుని నిలబడ్డాను. ఏడుపొచ్చింది అత్తయ్యా. చలికి కాదు. నేనిక్కడ ఉన్నానని ఈ లోకంలో ఎవరికి తెలుసు అనిపించింది. ఆ వెంటనే, టీవీ ముందు కూర్చుని మీ ఇద్దరూ తెల్లతెర చూస్తున్నారని గుర్తొచ్చింది. అప్పుడు ఈల వినిపించింది.

తర్వాత నా వంతు ముందుకెళ్ళడం. వెనక ఒకరు నిలబడి ఉన్నారని తెలిస్తే ఏమీ కనబడని చోట కూడా అడుగు పడుతుంది. నాకు నిన్న తెలిసిందిది.

మీకు చెప్పకుండా దాచిందొకటి ఉంది. మీరు ఆషాఢం మాట ఎత్తకముందే నేను ఈ ఉద్యోగానికి అప్లై చేశాను. ఆ పెట్టెలో చలి బట్టలు మాత్రమే లేవు. నా సర్టిఫికెట్లూ, నా నగలూ, నావి అన్నీ ఉన్నాయి. తిరిగి రాకూడదనే సర్దుకున్నాను. భార్గవ్ చెడ్డవాడు కాదు. ఒక్క మాట తూలలేదు. అందుకే ఎవరికీ చెప్పుకోలేకపోయాను. మంచి మొగుడి దగ్గర ఊపిరాడడం లేదంటే ఎవరు వింటారు?

సీజన్ అయ్యాక ఏం చెయ్యాలో ఇంకా తెలీదు. కానీ ఒకటి తెలుసు. నేను తిరిగి రావాలంటే, రమ్మని తను అడగాలి. మీరు కాదు, మా అమ్మ కాదు. తన నోటితో.

మీరు మాత్రం ఒకసారి ఇక్కడికి రండి, వెళ్ళేలోగా. అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదు, అంతే కదా? కొండ మీద గడపలు లేవు. ఆరుబయటే కలుద్దాం. మీ కాళ్ళకి మంచు చెప్పులు నేనే కడతాను.

మీ తన్మయి


మెల్‌బోర్న్ ఎయిర్‌పోర్ట్,
ఆగస్టు 5

ప్రియమైన తన్మయీ,

నేనూ "చిరంజీవి" తీసేశాను. లెక్క సరిపోయింది.

ఈ కవరు మీద స్టాంపు లేదు, ముద్ర లేదు. నా సర్వీసులో ఇలాంటిది కంటపడితే నిలేసి అడిగేదాన్ని. తెచ్చినవాడు ఇప్పుడు నీ ఎదురుగానే ఉండుంటాడు. చదవడం అయ్యేదాకా అలా నిలబడనీ, వాడికి అలవాటే.

నన్ను దింపేసి ఇటునుంచి ఇటే మీ కొండకి వస్తున్నాడు. ట్రాలీ తేవడానికి వెళ్ళాడు, ఈలోగా రాస్తున్నాను. నువ్వు రాసినవేవీ నేను వాడికి చెప్పనే లేదు. పోయిన శనివారం పెరట్లో ఏదో టపటపమంటోందని చూస్తే, మంచు చెప్పులు కట్టుకుని గడ్డిమీద అటూ ఇటూ నడుస్తున్నాడు. ఎక్కడినుంచి తెచ్చాడో. ట్రెవర్ కంచె మీంచి, "ఇక్కడ మంచు పడదు మేట్" అన్నాడు. వీడు సిగ్గుపడి, "నో వర్రీస్, ప్రాక్టీస్" అన్నాడు. నేను కిటికీ వెనక్కి తప్పుకున్నాను. సాయంత్రం ఎప్పట్లాగే టీవీ పెట్టి, "బుధవారం లీవు పెట్టానమ్మా. నిన్ను దింపి అటు వెళ్తాను" అన్నాడు. ఎటు అని నేను అడగలేదు.

ఆషాఢంలో మొగుడూ పెళ్ళాం కలుసుకోకూడదు కదా అంటావేమో. ఈ ఏడు నీకు జ్యేష్ఠంలోనే ఒక ఆషాఢం జరిపించేశాను. ఏడాదికి రెండు అక్కర్లేదు.

మరి నేనెందుకు రాలేదంటావా? టికెట్ నాలుగు రోజులు వెనక్కి జరిపించుకోవచ్చు, మోకాళ్ళూ ఆ మాత్రం సహకరిస్తాయి. కానీ నేను పక్కనుంటే వాడు నోరు తెరవడు. వాడి మాటలు కూడా నేనే మాట్లాడేస్తాను. చిన్నప్పటినుంచీ చేసిన పని అదే. నిన్ను చూడాలని నాకు చాలా ఉంది తన్మయీ. ఈ దేశంలో నాకున్న ఒక్క స్నేహితురాలివి నువ్వు. చూడకుండానే వెళ్తున్నాను.

నువ్వు దాచింది చెప్పావు కాబట్టి నేను దాచిందీ చెబుతాను. జూన్ మొదట్లో దుప్పటి కోసం మీ గదిలో అలమర తెరిచాను. నీ పెట్టె సర్ది ఉంది. మూత సరిగ్గా పడలేదు. పైనే సర్టిఫికెట్ల ఫైలు. నేను అలమర మూసేసి, దుప్పటి లేకుండానే వచ్చి మంచం మీద కూర్చున్నాను.

నిన్ను అడిగితే ఏడుస్తావు, ఏడ్చి ఆగిపోతావు. అడగకపోతే ఏదో ఒకరోజు మేం లేనప్పుడు వెళ్ళిపోతావు. చెప్పకుండా వెళ్ళిపోయిన కోడలికి, రేపు రావాలనిపించినా కాళ్ళు రావు. అందరికీ జవాబు చెప్పుకోవాలి. ఆషాఢానికి వెళ్ళినదానికి ఆ బాధ లేదు. రావాలనుకుంటే శ్రావణంలో తలుపు తోసుకుని వచ్చెయ్యొచ్చు. వద్దనుకుంటే నెమ్మదిగా ఆలోచించుకుని ఆ మాటే చెప్పొచ్చు. అప్పటికి అసలు ఆషాఢానికి ఇంకా నెల పైన ఉంది. నీ పెట్టె అన్నాళ్ళు ఆగేలా లేదు.

అందుకని ఆ మధ్యాహ్నం నువ్వు చిక్కుడుకాయల ఈనెలు తీస్తుంటే ఆషాఢం మాట ఎత్తాను. అప్పటికి అధిక జ్యేష్ఠం కూడా పూర్తవలేదు. నాకు బాగా తెలుసు. క్యాలెండర్ పెట్టెలో దాచింది మేకు కోసం కాదు. పోస్టాఫీసులో ముప్పై ఏళ్ళు రోజూ పొద్దున్నే ముద్రలో తేదీ మార్చినదాన్ని, నేను నెల మర్చిపోతానా? మీ అమ్మగారు నన్ను ఏమీ తెలియనిదాన్ని అనుకుంటే అనుకోనీ.

వాడితో వెళ్ళమని నేను అనడం లేదు. వెళ్ళొద్దని కూడా అనడం లేదు. నువ్వు చెప్పిన ఆ గుంజ దగ్గర మనిషిలా నిలబడడం వరకే నా పని. నువ్వు ఎటు వెళ్ళినా మండపేట అడ్రసు నీ దగ్గర ఉంది.

మా పెళ్ళయిన మూడో ఏడు నేనూ ఓసారి పెట్టె సర్దుకున్నాను. మీ మామగారూ చెడ్డవారు కాదు. బస్టాండు దాకా వెళ్ళాను. ఎక్కడికని చెప్పాలో, ఎందుకని చెప్పాలో తెలియలేదు. బస్సు వచ్చి వెళ్ళిపోయింది. ఒక చేత్తో పెట్టె, ఇంకో చేత్తో వంకాయల సంచి పట్టుకుని ఇంటికి తిరిగొచ్చాను. ఆయన వచ్చేసరికి కూర అయిపోయింది. ఆయనకి తెలియనే లేదు, పోయేదాకా. నా కోసం ఆషాఢాన్ని ముందుకి జరిపేవాళ్ళు అప్పట్లో ఎవరూ లేరు.

ట్రాలీ తోసుకుంటూ వస్తున్నాడు. పొద్దున కారులో, "రమ్మంటే వస్తుందా అమ్మా" అన్నాడు. నన్నడిగితే నేనేం చెబుతాను అన్నాను. ఆ తర్వాత ఇక్కడికి వచ్చేదాకా పెదవులు కదుపుతూనే ఉన్నాడు.

ఇక ఉత్తరం మడిచి జేబులో పెట్టుకుని తల ఎత్తు. వాడు నిన్ను ఏదో అడగాలనుకుంటున్నాడు.

నీ,
శ్యామసుందరి